పెళ్లిరోజు ఫోటోలు మనమే తీసుకోవాలా, ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకోవాలా?

మారతహళ్ళి కోడలు:
వచ్చే నెల మా పదో పెళ్లిరోజు. రాత్రి బెంగళూరులో హంపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున హోస్పేటలో దిగి హంపీ చూద్దామని ప్లాన్. పేచీ అంతా ఫోటోల దగ్గరే. అక్కడి ఫోటోగ్రాఫర్‌ని రెండు గంటలు మాట్లాడుకుందాం అంటాను నేను. ఫోన్ ఉంది, ట్రైపాడ్ ఉంది, మధ్యలో ఇంకో మనిషి ఎందుకంటారు ఆయన. మీరేమంటారు?

కోరమంగళ 5వ బ్లాక్:
ఫోటోగ్రాఫర్‌నే పెట్టుకోండి. పోయినేడాది మేం చీకటితో లేచి నంది కొండలకి వెళ్లాం. టైమర్ పెట్టడం, పరిగెత్తుకు రావడం, చూసుకుంటే తల తెగిపోవడం, మళ్లీ మొదలు, గంటన్నర ఇదే పని. చివరికి గాలికి ట్రైపాడ్ పడి ఫోన్ స్క్రీన్ పగిలింది. దిగేటప్పుడు ఇద్దరికీ మాటల్లేవు. మంచిరోజున ఆ టెన్షన్ మీకెందుకు?

అనంతపురం అమ్మాయి, ఎలక్ట్రానిక్ సిటీ:
అక్కా, మీ ఆయన మాటే వినండి. కొత్త మనిషి ఎదురుగా నిలబడి దగ్గరికి జరగండి, నవ్వండి అంటుంటే చాలామందికి మొహం బిగుసుకుపోతుంది, మా పెళ్లి ఆల్బమ్ నిండా మా ఆయనది అదే మొహం. అయితే టైమర్ జోలికి పోకండి. వీడియో పెట్టి వదిలేయండి. 4కె వీడియోని ఎక్కడ ఆపినా ఒక్కో ఫ్రేమ్ సుమారు 80 లక్షల పిక్సెళ్లు ఉంటుంది, ఆల్బమ్ సైజు ప్రింటుకి సరిపోతుంది. కాకపోతే వెలుతురు ఉండాలి, మెల్లగా కదలాలి, లేదంటే మసకగా వస్తుంది. సెల్ఫీ కెమెరా వద్దు, వెనక కెమెరాతోనే తీయండి. మీరు నిలబడే చోట బ్యాగు పెట్టి స్క్రీన్ మీద దాన్ని నొక్కి పట్టుకుంటే ఫోకస్ అక్కడే ఆగుతుంది. విరూపాక్ష గోపురం దాదాపు 50 మీటర్లు, కింద నిలబడితే మీరైనా ఉంటారు, అదైనా ఉంటుంది. రెండూ కావాలంటే పక్కనే ఉన్న హేమకూటం గుట్ట ఎక్కండి.

మేం ఆ గుట్ట మీదే బండకి నీళ్ల సీసా పెట్టి, దానికి ఫోన్ ఆనించి, వీడియో ఆన్ చేసిన సంగతే మరిచిపోయాం. ఇంటికొచ్చి చూస్తే ఒక చోట ఆయన చెప్పు తెగింది, నేను నల్లపూసలకున్న పిన్నీసు తీసి గుచ్చుతున్నాను, ఆయన నా భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డారు. ఇద్దరం కెమెరా వైపు చూడట్లేదు. హాల్లో ఉన్నది ఆ ఫోటోనే. ఎంత డబ్బిచ్చినా అది ఎవరూ తీయలేరు.

తుంగభద్ర తీరం:
ఒక మాట. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. ఇది మీకూ అంతే, ఫోటోగ్రాఫర్‌కీ అంతే. విఠలాలయంలో 50 రూపాయల నోటు మీదున్న రాతి రథం దగ్గర ఇద్దరే ఉన్న ఫోటో కావాలంటే గేటు తెరిచేసరికి అక్కడుండండి. బ్యాటరీ బండి దిగే జనం పెరిగాక ఎవరు తీసినా వెనక పది తలకాయలు ఉంటాయి.

కోరమంగళ 5వ బ్లాక్:
పిన్నీసు ఫోటో బాగుంది, కాదనను. కానీ పదేళ్లయిన రోజున పట్టుచీర అంచు దాకా, ఇద్దరి మొహాలూ తేటగా కనపడే ఫోటో ఒక్కటైనా ఉండొద్దా? ఊళ్లో అమ్మ ఫ్రేమ్ కట్టించుకునేది అదే. దానికి చెయ్యి తిరిగిన మనిషే కావాలి.

మారతహళ్ళి కోడలు:
అమ్మ మాట నిజమే. ఆ ఒక్కటీ బయల్దేరే ముందు మా వీధి స్టూడియోలో దిగుతాం. హంపీలో మాత్రం మేమే. ట్రైపాడ్ ఇంట్లోనే ఉంటుంది. ఇంతకీ సీసాకి ఆనిస్తే ఫోన్ జారదా?

అనంతపురం అమ్మాయి, ఎలక్ట్రానిక్ సిటీ:
లీటరు సీసా, నిండుగా ఉండాలక్కా. సగం తాగింది పెడితే గాలికి దొర్లిపోతుంది. ఫోన్ ముందు ఒక చిన్న రాయి కూడా అడ్డం పెట్టండి.