ఉగాది వేడుక: శుక్రవారంలోగా హాలు అద్దె కట్టాలి

(అమెరికాలోని ఒక తెలుగు సంఘం గ్రూపులో నడిచిన సందేశాలివి. సభ్యులు ఒకరినొకరు సొంతూరి పేరుతోనే పిలుచుకుంటారు.)

తెనాలి (సోమవారం రాత్రి)
అందరికీ నమస్కారం. ఈసారి ఆడిటోరియం ఇవ్వలేమని స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది. కారణం రాయలేదు. చేబ్రోలు పనిచేసే చోటికి పక్కనే ఉన్న సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) వారు మాత్రం మార్చి 22 ఆదివారానికి తమ హాలు ఇస్తామన్నారు. అద్దె 2,400 డాలర్లు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా మొత్తం చేరాలి. ఆ రోజు సూర్యాస్తమయం నుంచి వారికి సబ్బాతు, అంటే వారపు విశ్రాంతి దినం, శనివారం చీకటి పడేదాకా డబ్బు ముట్టరు, ఫోను ఎత్తరు. ఆ తర్వాతైతే తేదీ వేరేవారికి వెళ్లిపోతుంది. ఖాతాలో ఉన్న 900 బీమాకే సరిపోతుంది.
మిగతా పనులు: పచ్చడి, పంచాంగ శ్రవణం, పిల్లల పద్యాలు, తోరణాలు, కుర్చీలు. ఎవరు ఏది చూస్తారో రాయండి.

బందరు
పచ్చడి నాది. ఎండు వేపపువ్వు మా ఇంట్లో ఉంది. కోషర్ అనే వారి ఆహార నియమం వల్ల వారి వంటగదిలోకి బయటి వంట రానివ్వరు కదా, పులిహోర వసారాలోనే వడ్డిద్దాం.

ఓరుగల్లు
అద్దె గురించి దిగులు వద్దు. మనలో ఒకరు మొత్తం తానే ఇస్తానన్నారు. వేదిక వెనుక తెర మీద వారి కంపెనీ పేరు వేయాలి, ముందు రెండు వరుసలు వారికి వదలాలి. రేపు ఉదయం సరేనని చెప్పేస్తాను.

పాలమూరు
చెప్పకండి అన్నా. పోయినేడాది తెల్లవారుజాము నుంచి మామిడికాయలు తరిగిన విద్యార్థులు కార్యక్రమమంతా గోడకు ఆనుకొని నిలబడ్డారు. ముందు వరుసల్లో పేర్లు అంటించిన కుర్చీలు సగం ఖాళీ. ఒకమ్మాయికి సొన తగిలి వేళ్లు పొక్కిపోయాయి. ఆమెను మళ్లీ రమ్మని ఏ మొహంతో అడగను?

ఓరుగల్లు
నాకూ బాధగానే ఉంది. బాధతో అద్దె కట్టలేం. ఏటా దాతల గుమ్మాలు ఎక్కేది నేను, మాట పడేది నేను. మీరు ఇక్కడ నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటారు.

పాలమూరు
నాలుగు ముక్కలా? అర్ధరాత్రి దాటాక ఆ హాలంతా ఊడ్చింది ఎవరు?

కడప
ఇద్దరూ ఆగండి నాయనా. ఎవరి కష్టం ఎవరికి తెలియదు? చేబ్రోలమ్మా, గడువు పెంచుతారేమో వారిని అడిగి చూడు.

చేబ్రోలు (మంగళవారం)
అడిగాను బాబాయి గారూ, కుదరదన్నారు. మా ఊరి పక్క కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ వారి సినగాగ్ ఉందని, వారు తెలుగు మాట్లాడే యూదులని చెప్పేసరికి హాలు కార్యదర్శి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మన గొడవ కూడా చెప్పాను. మొన్న శనివారం వారు చదివిన భాగమే చూపించారు.
వారి పవిత్ర గ్రంథం తోరాలోని నిర్గమకాండం 30వ అధ్యాయం. ఇరవై ఏళ్లు దాటి లెక్కలోకి వచ్చిన ప్రతివాడూ అర తులం వెండి ఇవ్వాలి. ధనవంతుడు పెంచకూడదు, పేదవాడు తగ్గించకూడదు. 6,03,550 మంది అలా ఇచ్చిన వెండితో వంద దిమ్మలు పోతపోశారని 38వ అధ్యాయంలో లెక్క ఉంది. ఎడారిలో వారు దేవుడికి కట్టిన గుడారం పలకలు నిలబడింది వాటి మీదే. పైన వేసిన నీలి, ఊదా తెరలు, బంగారం, సుగంధాలు మాత్రం మనసు పుట్టినవారు మనసుకొద్దీ తెచ్చారు. ఎంత తెచ్చారంటే, ఇక చాలు, తేవద్దని వారి నాయకుడు మోషే చాటింపు వేయించాడు. తర్వాత యెరూషలేము ఆలయంలోనూ ఉదయం, సాయంత్రం ప్రజలందరి పేరిట అర్పించే గొర్రెపిల్లలను ఈ సమాన చందాతోనే కొనేవారు. అది నా గొర్రె అని చెప్పుకునే హక్కు ఎవరికీ లేదు.
మనకు అద్దె ఆ దిమ్మల్లాంటిది. 120 కుటుంబాలు, ఇంటికి 20 డాలర్లు. దాత గారూ 20 ఇవ్వాలి. పూలకు, మిఠాయిలకు ఎవరు ఎంతైనా ఇవ్వనివ్వండి, పేరు లేకుండా.

ఓరుగల్లు
వినడానికి బాగుంది. ఉద్యోగం పోయి 60 రోజుల వీసా గడువు లెక్కపెట్టుకుంటున్న ఇళ్లు మనలో ఉన్నాయి. వారి తలుపు కొట్టి 20 డాలర్లు అడుగుతామా?

చేబ్రోలు
అడగకూడదు. ఆ చిక్కు వారికీ ఎదురైంది. వారి పెద్దల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో దీనికి షెకాలిమ్ అనే భాగమే ఉంది. అర తులానికి తోడు చిన్న మారకపు రుసుము ఉండేది. పేదవాడి తరపునో పొరుగువాడి తరపునో కట్టేవాడికి అది మాఫీ, అప్పుగా ఇచ్చినవాడికి మాత్రం మాఫీ లేదు. ఆలయంలో రహస్యాల గది అని ఒకటి ఉండేది. ఇచ్చేవారు చాటుగా వేసేవారు, మంచి కుటుంబాల్లో పుట్టి చితికిపోయినవారు చాటుగానే ఆదుకోబడేవారు. తోరాలోనే లేవీయకాండంలో, అర్పణకు గొర్రె తేలేనివాడికి రెండు గువ్వలు, అవీ లేనివాడికి కొంచెం గోధుమపిండి. మనసు దేవుడి మీద ఉంటే ఎక్కువ ఇచ్చినా తక్కువ ఇచ్చినా ఒకటేనన్నారు వారి పెద్దలు. మనమూ మూసిన పెట్టె ఒకటి పెడదాం.

తెనాలి (బుధవారం)
డబ్బులు వస్తున్నాయి. పద్యాలకే పిల్లలు రావడం లేదు. తెలుగు చదవడం రానివారు వెనక్కి తగ్గుతున్నారు.

చేబ్రోలు
యెరూషలేము ఆలయానికి తొలి పంట తెచ్చిన రైతులు అక్కడ కొన్ని వాక్యాలు పలకాల్సి ఉండేది. మొదట్లో చదువు వచ్చినవారు సొంతంగా పలికేవారు, రానివారికి పక్కన ఒకరు చెప్పించేవారు. రానివారు సిగ్గుపడి పంట తేవడమే మానేశారు. అప్పటి నుంచి అందరికీ చెప్పించాలని నియమం పెట్టారు. మన పిల్లల్లో వేమన కంఠతా వచ్చినవారికి కూడా పక్కన ఒకరు నిలబడి పాదం పాదం అందిద్దాం. నేను నిలబడతాను.

పాలమూరు
మా గదిలోవారి వంతు పంపాం. అన్నా, దాతల దగ్గరికి ఈసారి నేనూ వస్తాను. ఒక్కరే మాట పడవద్దు.

ఓరుగల్లు (గురువారం సాయంత్రం)
సంతోషం తమ్ముడూ. దాత గారితో మాట్లాడాను. పేరు లేకపోతే మొత్తం ఇవ్వనన్నారు. కోపంగానే 20 పంపారు. వేడుకకు వస్తారో రారో తెలియదు. ఇప్పటికి వచ్చింది 1,860. ఇంకా 540 కావాలి, రేపు మధ్యాహ్నం లోపు.

కడప
ఈ రాత్రి మా ఇంటి వసారాలో తాళం వేసిన పెట్టె పెడతాను. లైటు ఆర్పేస్తాను, తలుపు దగ్గరి కెమెరా తీసేస్తాను. వేసేవారు వేసి వెళ్లండి.

చేబ్రోలు
తెరిచేటప్పుడు ఇద్దరుండండి బాబాయి గారూ. ఆలయ ఖజానా గదిలోకి వెళ్లేవాడు మడతలున్న అంగీతోనో చెప్పులతోనో వెళ్లకూడదట. రేపు వాడు ధనవంతుడైతే ఖజానా తిన్నాడని జనం అనుకోకూడదని.

తెనాలి (శుక్రవారం 11 గంటలకు)
పెట్టెలో 610 ఉంది. బందరు, నేను కలిసి లెక్కపెట్టాం. అద్దె కట్టేశాం, రసీదు వచ్చింది. మిగిలిన 70 పులిహోర బియ్యానికి. తోరణాలకు ఎవరూ ముందుకు రాలేదు, మానేద్దాం. కుర్చీల మీద కాగితాలు ఉండవు, వచ్చినవారు వచ్చినట్టు కూర్చోవాలి. పంచాంగం చదివేవారు ఇంకా దొరకలేదు. కడప బాబాయి గారూ, మీరు చదువుతారా?