‘స్కాట్లండ్ ఫరెవర్’: వాటర్లూ పాఠానికి ఈ బొమ్మ చూపించవచ్చా?

సుద్దముక్క: నెపోలియన్ పాఠం చెప్పేటప్పుడు, ఆంగ్ల చిత్రకారిణి లేడీ బట్లర్ 1881లో వేసిన ‘స్కాట్లండ్ ఫరెవర్’ తైలవర్ణ చిత్రాన్ని పిల్లలకు చూపిస్తుంటాను. అసలు చిత్రం ఇంగ్లండ్‌లోని లీడ్స్ ఆర్ట్ గ్యాలరీలో ఉంది. నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ యుద్ధంలో, బ్రిటిష్ సేనలోని స్కాట్స్ గ్రేస్ అశ్వికదళం కత్తులు దూసి, నేరుగా మన మీదికే దూసుకొస్తున్నట్టు ఉంటుంది. అది చరిత్ర కాదని, తరగతిలో చూపించవద్దని తోటి ఉపాధ్యాయుడు ఒకరు అభ్యంతరం చెప్పారు. మీరేమంటారు?

కళ్లెం: ఆయన మాటే సరైనది. నేను సైన్యంలో గుర్రాల దళంలో పనిచేశాను. 1815 జూన్ 18న ఆ దళం ఇలా దౌడు తీయలేదు. ముందురోజు రాత్రి కురిసిన వానకు నేలంతా బురద. దారికి అడ్డంగా కంచెలు. ఎదురుగా తమ సొంత కాల్బలమే, గోర్డన్ హైలాండర్లు. వాళ్ల వరసల సందుల్లోంచి గుర్రాలను నడిపించుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. దౌడుకు చోటెక్కడుంది?

కుంచె: మాస్టారూ, తప్పకుండా చూపించండి. ఆమె యుద్ధం చూడలేదు, నిజమే. కానీ అదే దళం తన ఎదుట దాడి విన్యాసం చేస్తుంటే, దూసుకొచ్చే గుర్రాలను దగ్గర నుంచి చూసి వేసింది. అంతకుముందు ఐరోపా చిత్రకారులు పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ముందుకూ వెనక్కూ బారచాపినట్టు వేసేవారు. 1878లో పరుగెత్తే గుర్రాన్ని మైబ్రిడ్జ్ వరసగా తీసిన ఫొటోలు వచ్చాక అది తప్పని తేలింది. ఈ బొమ్మలో మడిచిన ముందుకాళ్లు చూడండి, ఉబ్బిన ముక్కుపుటాలు చూడండి. శత్రువు ఎక్కడా కనబడడు. శత్రువు నిలబడ్డ చోట చూసేవాణ్ణి నిలబెట్టింది. ఆ ధైర్యం ఎంతమందికి ఉంది?

బాటసారి: నడకో దౌడో పిల్లలకు ఎందుకండీ? బొమ్మ బాగుంది.

కళ్లెం: ఎందుకో చెబుతాను. ఆ దళం ఆగవలసిన చోట ఆగలేదు. సార్జెంట్ యూవర్ట్ ఫ్రెంచి 45వ దళం గద్దబొమ్మ జెండాను పట్టుకున్నాడు, అంతవరకూ బాగానే ఉంది. తర్వాత వీళ్లు అదుపు తప్పి ఫిరంగుల దాకా వెళ్లిపోయారు. గుర్రాలు అలసిపోయాక ఫ్రెంచి బల్లెం రౌతులు వచ్చి పడ్డారు. బ్రిగేడ్ అధిపతి పోన్సన్‌బీ పోయాడు, దళాధిపతి హామిల్టన్ పోయాడు. దళంలో దాదాపు సగం మంది చావో గాయమో పాలయ్యారు. ఇదేదీ ఈ బొమ్మలో లేదు.

మాకు శిక్షణలో ఒక అధికారి తడి నేల మీద దౌడు తీయమని పట్టుబట్టాడు. వద్దన్నా వినలేదు. నా గుర్రం ముందుకాలు విరిగింది. దాన్ని అక్కడే కాల్చేశారు. మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డది నేను. ఆ అధికారి గది గోడకు ఉన్నది ఈ బొమ్మే.

కుంచె: మీ గుర్రం సంగతి చదివి మనసు కలుక్కుమంది. కానీ ఆ పాపం ఆమెకు అంటగట్టకండి. యుద్ధ వైభవం కోసం తాను ఎన్నడూ బొమ్మ వేయలేదని ఆమే రాసుకుంది. 1874లో ‘రోల్ కాల్’ వేసింది. క్రిమియా యుద్ధపు మంచులో అలసి సొలసి వరసకట్టిన సైనికులు. లండన్‌లోని చిత్రకళా సంస్థ రాయల్ అకాడమీలో జనాన్ని అదుపు చేయడానికి ఆ బొమ్మ దగ్గర పోలీసును నిలబెట్టవలసి వచ్చింది. విక్టోరియా రాణి దాన్ని తీసుకుంది. అయినా 1879లో అకాడమీ సభ్యత్వ ఎన్నికలో రెండు ఓట్లతో ఓడింది. నేను చదువుకునేటప్పుడు గుర్రాల బొమ్మలు తీసుకెళితే, ఆడపిల్లవు పూలకుండీలు వేసుకోమని మా గురువు కాగితం వెనక్కి తోశారు. నాకు ఈ బొమ్మ ఏమిటో మీకు అర్థం కాదు.

కళ్లెం: ఓట్ల గురించి ఎవరడిగారు? గుర్రాలు నడిచాయా, దౌడు తీశాయా? అది చెప్పండి.

కుంచె: చిత్రాన్ని కొలబద్దతో చూసేవారితో వాదించలేను.

లాన్సర్ మునిమనవడు: ఇద్దరూ ఆపండి. ఇంతసేపు చదివాను, ఒళ్లు మండిపోతోంది. ఈవిడే 1879లో ‘రెమ్నెంట్స్ ఆఫ్ ఎన్ ఆర్మీ’ వేసింది. 1842 జనవరిలో కాబూల్ నుంచి బయలుదేరిన ఇంగ్లీషు సేన నాశనమైన కథ అది. ఆ సేనలో ఎక్కువమంది మన దేశపు సిపాయిలు. వెంట వేలాది మంది నౌకర్లు, ఆడవాళ్లు, పిల్లలు. బొమ్మ మధ్యలో ఎవరున్నారు? జలాలాబాద్ చేరిన ఒక్క తెల్ల డాక్టరు.

మా ముత్తాత నిజాం అశ్వికదళం హైదరాబాద్ లాన్సర్స్‌లో రౌతు. మొదటి ప్రపంచయుద్ధంలో పాలస్తీనా వెళ్లాడు. ఢిల్లీ తీన్‌మూర్తి స్మారకంలో విగ్రహాలుగా నిలబడ్డ ముగ్గురిలో ఒకడు హైదరాబాద్ లాన్సర్. మా ఇంట్లో మిగిలింది ఒక ఇత్తడి బకిలు. ఆయన పేరు ఏ జాబితాలోనైనా ఉందేమో చూడమని ఒక కార్యాలయానికి వెళితే, ఈ కిటికీ కాదు ఆ కిటికీ అని తిప్పి పంపించారు. ఆయన గుర్రం నడిచిందా, దౌడు తీసిందా? ఎవరైనా వేశారా?

కుంచె: అది ఆమె తప్పా? తన దేశం కోసం తను వేసుకుంది.

లాన్సర్ మునిమనవడు: తప్పు ఆమెదని నేను అనలేదు. వాటర్లూలో గెలిచిన వెల్లింగ్టనే 1803లో ఇప్పటి మహారాష్ట్రలోని అస్సాయేలో మరాఠాల మీద గెలిచాడు. అక్కడ దాడి చేసిన గుర్రాల్లో మద్రాసు దేశీయ అశ్వికదళాలవీ ఉన్నాయి. మన పిల్లలకు గుర్రపు దాడి అనగానే స్కాట్లండ్ వాళ్లే ఎందుకు కళ్లముందు మెదలాలి? నా గొడవ అది. నడక, దౌడు కాదు.

సుద్దముక్క: ఈ గొడవ మా తరగతికి అవసరమే. బొమ్మ తీసేయను. దాని పక్కన తీన్‌మూర్తి ఫొటో, అస్సాయే పటం పెడతాను.

కుంచె: పెట్టండి. కానీ ముందు బొమ్మను రెండు నిమిషాలు మాటలు లేకుండా చూడనివ్వండి.

కళ్లెం: ఏం పెట్టినా, బొమ్మ కింద మాత్రం ఆ రోజు నేల బురదగా ఉందని రాయండి. అది రాయకపోతే చూపించవద్దు.

లాన్సర్ మునిమనవడు: మాస్టారూ, బకిలు ఫొటో పంపిస్తాను. అదీ పెట్టండి.