పట్టె మీదా, కట్ట మీదా?

అనువాదకురాలు:
మా అమ్మమ్మ చెప్పిన పొడుపు కథ ఒకటి వారం రోజులుగా నన్ను వదలడం లేదు. "పట్టె మీద పోతుంది పాము కాదు, పొగ వదులుతుంది పొయ్యి కాదు..." మూడో ముక్క ఎంత తడుముకున్నా దొరకడం లేదు. విడుపు రైలని మీకు తెలిసిందే. ఇది ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, అమెరికా బానిసత్వం మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో 'రైల్‌రోడ్' అనే మాట మూడు వేషాల్లో వచ్చింది. ఒకచోట మామూలు రైలు మార్గం. ఇంకోచోట బానిసలు పారిపోవడానికి తోడ్పడిన 'అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్'. మూడోచోట క్రియ: సభలో ఒక బిల్లును 'రైల్‌రోడ్' చేశారట. "బిల్లును పట్టాలెక్కించారు" అని రాసి, మర్నాడు చదువుకుని కొట్టేశాను. ఆగిపోయిన పని మళ్లీ మొదలైతే మనం పట్టాలెక్కిందని సంతోషిస్తాం. అక్కడేమో, ఎవరినీ నోరెత్తనివ్వకుండా తోసేశారని అర్థం. పెద్దలు దారి చూపాలి.

రైలుకట్ట:
మూడో ముక్క "కూత పెడుతుంది కోడి కాదు". చిన్నప్పుడు మేమూ చెప్పుకున్నదే. కాని అమ్మా, మొదటి మాట పట్టె కాదు, కట్ట. "కట్ట మీద పోతుంది పాము కాదు." మా ఇంటి అరుగు మీంచి చూస్తే పట్టాలు కనిపించవు. ఎత్తుగా మట్టికట్ట, దానికి రెండు పక్కలా తుమ్మచెట్లు, వాటి తలల మీదుగా కదిలిపోయే పెట్టెలు. అంతే కనిపించేది. ఇప్పటికీ "రైలుకట్ట అవతల పొలం" అంటాం కాని "పట్టాల అవతల" అనం. ఇంగ్లీషువాడి 'రోడ్' మన కట్టే.

సంధి సమాసం:
కట్ట కుదరదండీ. చెవి పెట్టి వినండి. పొగకు పొయ్యి, కూతకు కోడి. ప్రతి ముక్కలోనూ మొదటి మాటా, 'కాదు' ముందున్న మాటా ఒకే హల్లుతో మొదలవుతున్నాయి. పాముకు జత కావాలంటే పట్టె ఉండి తీరాలి. 'కట్ట' అంటే ఆ ముక్క ఒక్కటే కుంటుతుంది. పామరుల నోట పుట్టింది కదా అని శబ్దానికి లెక్క ఉండదనుకోకూడదు.

రైలుకట్ట:
'పోతుంది'లో ప ఉంది కదా, పాముకు అది జత. నోటి మాటకు ఛందస్సు బిగిస్తే ఊపిరాడదు.

పాత పలక:
పట్టె, కట్ట సరే. అసలు 'పట్టాలు'కు ఏకవచనం ఏమిటో ఎవరైనా ఆలోచించారా? పుస్తకం, పుస్తకాలు అయినట్టు పట్టం, పట్టాలు కావచ్చు. పట్టా, పట్టాలు కూడా కావచ్చు. బహువచనంలో ఆ రెండూ కలిసిపోయి జాడ తెలియకుండా పోయింది. పట్టాభిషేకంలో పట్టం అంటే నుదుటికి కట్టే పట్టీ. భూమి పట్టా కూడా ఆ సంస్కృత 'పట్ట' శబ్దం నుంచి నడిచి వచ్చిందే. మన 'పట్టె' కూడా దూరపు చుట్టమేనని నా నమ్మకం. మంచం పట్టె, పట్టె నామాలు గుర్తు చేసుకోండి. సన్నగా, పొడుగ్గా, బల్లపరుపుగా ఉన్నదల్లా ఆ కుటుంబమే.

ఇంకో ముచ్చట. ఇంగ్లీషు 'రైల్' కూడా మొదట కడ్డీయే. లాటిన్‌లో 'రెగులా' అంటే తిన్నని కర్ర. దాని నుంచే ఫ్రెంచి మీదుగా 'రైల్', 'రూల్' రెండూ వచ్చాయి. అంటే బడిలో మాస్టారి చేతిలోని రూళ్లకర్రకూ మన రైలుకూ మూలం ఒక్కటే! బ్రిటన్‌లో 'రైల్వే' నిలిచింది, అమెరికాలో 'రైల్‌రోడ్' నిలిచింది. మనం రెండో సగం వదిలేసి, కడ్డీ పేరు తెచ్చి బండికి పెట్టుకున్నాం. దాంతో కడ్డీకి పేరు లేకుండా పోయింది. ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నదే 'పట్టా'.

కీమన్ కొడుకు:
లేకుండా పోలేదు మాస్టారూ. పట్టాల మీద పనిచేసేవాళ్లు కడ్డీని రైలనే అంటారు. మా నాన్నగారు కీమన్. తెల్లవారకముందే భుజాన సుత్తి, స్పానరు, చేతిలో ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకుని తన వంతు దూరం నడిచేవారు. కడ్డీని బిగించి పట్టే కీ వదులైతే సుత్తితో కొట్టి, మోత విని బిగుసుకుందో లేదో చెప్పేవారు. ఒక చలికాలం ఉదయం ఇంటికొచ్చి "రైలు విరిగింది" అన్నారు. మా అమ్మ గుండె పట్టుకుని కూలబడింది, ఎంతమంది పోయారోనని. నాన్న చెప్పింది కడ్డీ సంగతి. చలికి ఇనుము ముడుచుకుంటుంది కదా, అప్పుడే పగుళ్లు బయటపడతాయి. ఒకే ఇంట్లో ఒకే మాటకు రెండర్థాలు.

ఇప్పటి కడ్డీ మీటరుకు 60 కిలోలు. 13 మీటర్ల ముక్క ఒక్కటే 780 కిలోలు. విరిగినచోట అల్యూమినియం పొడి, ఐరన్ ఆక్సైడు కలిపిన మందు మండించి, కరిగిన ఉక్కును సందులోకి పోసి అతుకుతారు. అది చూసినప్పుడల్లా నాన్న ఒకే పద్యం పాడేవారు: "ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు / కాచి యతుకవచ్చు క్రమముగాను".

సంధి సమాసం:
వేమన్నను తలచుకున్నారు, చేతులెత్తి దండం పెడుతున్నాను. అయితే మా గురువుగారు 'యిరుమారు' అని చెప్పించేవారు. 'ఇరు' అంటే రెండని పిల్లలకు కూడా తెలుస్తుంది.

పాత పలక:
'యినుమారు' అంటే కూడా రెండుసార్లే. అందులో ఇనుము మళ్లీ మోగుతుంది కనుక నా ఓటు దానికే. యతి అటు వేసినా ఇటు వేసినా చెల్లుతుంది, గణం మారదు. ఛందస్సు ఏ పక్షమూ వహించని చోటు ఇది.

సంధి సమాసం:
మూడో పాదంలోనూ పేచీ ఉంది. 'మరియంట నేర్చునా' అని కొందరు, 'మరి చేర్చరాదయా' అని కొందరు. నాకు మొదటిదే ప్రాణం. అందులో మనసే కర్త. విరిగిన మనసు తనంతట తాను మళ్లీ అంటుకోగలదా అని అడుగుతున్నాడు. రెండోదాంట్లో అతికేవాడు ఇంకెవడో ఉన్నాడు.

గోదావరి తీరం:
పద్యం దగ్గరే ఉండిపోయాం. 'రోడ్' సంగతికి వద్దాం. మా ధవళేశ్వరంలో 1840ల్లోనే పట్టాలున్నాయి. ఆనకట్టకు కొండరాళ్లు మోయడానికి కాటన్ దొర హయాంలో వేశారు. దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల బండి మద్రాసులోని రాయపురం నుంచి కదిలింది 1856 జులై 1న. అంటే మా ఊరి జనం మనుషులు ఎక్కే బండి కన్నా ముందు దారినే చూశారు. అందుకని కట్టకే నా మద్దతు.

అనువాదకురాలు గారికి ఒక మాట. 'అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్'ను 'భూగర్భ రైలు' అని మాత్రం రాయకండి, చదివేవాళ్లు సొరంగమనుకుంటారు. అక్కడ సొరంగమూ లేదు, పట్టాలూ లేవు. దాచిపెట్టే ఇళ్లు, రాత్రిపూట నడిపించే మనుషులు, అంతే. 'చీకటి బాట' అంటే చాలు.

అనువాదకురాలు:
అదే రాద్దామనుకున్నానండీ. కాని ఆ ఇళ్లను వాళ్లు 'స్టేషన్లు' అన్నారు, దారి చూపేవాళ్లను 'కండక్టర్లు' అన్నారు. ఆ కండక్టర్లలో ఒకరైన హారియెట్ టబ్‌మన్ 1849లో బానిసత్వం నుంచి తాను తప్పించుకుని, ఆ తరువాత సుమారు 13 సార్లు వెనక్కి వెళ్లి 70 మంది దాకా విడిపించింది. ముసలితనంలో ఆమె అన్న మాట వ్యాసంలో ఉంది: నా బండి ఒక్కసారి కూడా పట్టాలు తప్పలేదు, ఒక్క ప్రయాణికుణ్ణి కూడా పోగొట్టుకోలేదు అని. బాట అని రాస్తే ఈ వాక్యాన్ని ఎక్కడ నిలబెట్టను? అందుకే 'రహస్య రైలుదారి' అన్నాను. రైలు ఉండాల్సిందే.

కీమన్ కొడుకు:
ఆ వాక్యం మా నాన్నకు వినిపించాలని ఉంది. 'పట్టాలు తప్పలేదు' అన్న మాట విలువ ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

పాత పలక:
క్రియకు నా సూచన: "మమ అనిపించారు". బిల్లు చదివామనిపించి, చర్చ అయిందనిపించి, మూజువాణి ఓటుతో ముగించడం.

రైలుకట్ట:
'మమ'లో తొందర ఉంది కాని బలవంతం లేదు. పురోహితుడు యజమాని మెడ మీద చేయి వేసి అనిపించడు కదా. నిర్దోషిని తప్పుడు కేసులో హడావుడిగా జైలుకు పంపినా వాళ్లు ఇదే క్రియ వాడతారు. అక్కడ 'మమ' అసలు నప్పదు.

అనువాదకురాలు:
ఇందాక మా అమ్మకు ఫోను చేశాను. పొడుపు కథలో మొదటి మాట ఆమెకూ గుర్తు లేదు. అయితే అమ్మమ్మ దాన్ని చెప్పేటప్పుడు మంచం పట్టె మీద రెండు వేళ్లు నడిపిస్తూ చెప్పేదట.

సంధి సమాసం:
ఇంకేం కావాలి!

రైలుకట్ట:
వేళ్లు నడవడానికి పక్కన మంచం ఉంది కనుక. కట్ట మీద కూర్చుని చెప్పి ఉంటే?

అనువాదకురాలు:
వ్యాసం గురువారం లోపు పంపాలి. ప్రస్తుతానికి "సభ నోరు నొక్కి బిల్లుకు మమ అనిపించారు" అని రాశాను. నాలుగు మాటలైంది. ఒక్క మాటలో వచ్చేది ఎవరికైనా తడితే చెప్పండి.