షాంతియీ కోట: పాతదా, కొత్తదా?

ప్రశ్న:
ఉత్తర ఫ్రాన్సులోని షాంతియీ కోటను ఈమధ్యే చూసి వచ్చాను. కందకం అంటే కోట చుట్టూ తవ్విన కాలువ అనుకునే నాకు, గోడలు నేరుగా చెరువులోంచి లేచినట్టు కనిపించడం వింతగా తోచింది. అయితే పెద్ద భవనాన్ని 1875-1885 మధ్య కట్టారని తెలిశాక ఒక సందేహం పట్టుకుంది. అంత ఇటీవలి కట్టడాన్ని చారిత్రక వారసత్వం అనడం సబబేనా? లోపల చిత్రపటాలను కాలక్రమం పాటించకుండా వరుస మీద వరుసగా ఎందుకు వేలాడదీశారో కూడా తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
మీ సందేహం సగమే నిజం. పక్కనే ఉన్న చిన్న కోటను 1560 ప్రాంతంలో ఆన్ ద మోమోరాన్సీ అనే ఫ్రెంచి సేనాధిపతి కోసం వాస్తుశిల్పి జాన్ బ్యులాన్ కట్టాడు. అది ఫ్రెంచి విప్లవాన్ని తట్టుకుని నిలిచింది. పెద్ద కోటను మాత్రం విప్లవం తరువాత కొన్నవారు కూల్చి, రాళ్లను అమ్ముకున్నారు. మిగిలిన ఆ పాత పునాదుల మీదనే వాస్తుశిల్పి ఒనొరే దోమే కొత్త భవనాన్ని లేపాడు కాబట్టి, పైన గోడలు పంతొమ్మిదో శతాబ్దానివైనా, నీటి అంచున కోట ఆకారం అంతకుముందుదే.

జవాబు 2:
పటాల సంగతి నేను చెబుతాను. ఈ కోటను తిరిగి కట్టించిన ఒమాల్ డ్యూక్, లూయీ ఫిలిప్ రాజు కొడుకు. తన కొడుకులిద్దరూ తనకన్నా ముందే చనిపోవడంతో ఆయన 1886లో కోటను, సేకరణలను ఫ్రెంచి అకాడమీల సమాఖ్య అయిన ఫ్రాన్స్ ఇన్‌స్టిట్యూట్‌కు రాసిచ్చాడు. ఆయన మరణానంతరం 1898లో అది కొందే మ్యూజియంగా తెరుచుకుంది. తాను చేసిన పటాల అమరికను మార్చరాదు, వాటిని బయటికి అరువివ్వరాదు అన్నవి ఆయన పెట్టిన షరతులు. అందువల్ల ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ గీసిన 'ముగ్గురు గ్రేసులు' (గ్రీకు పురాణాల సౌందర్య దేవతలు) పటం చూడాలంటే అక్కడికే వెళ్లాలి. అది ఒక్కో వైపు 17 సెంటీమీటర్లు ఉన్న చదరపు చెక్క పలక మాత్రమే. అరచేతికి కాస్త పెద్దది, అంతే! నా దృష్టిలో అక్కడి అసలు వారసత్వం రాళ్లకన్నా ఆ అమరికే.

జవాబు 3:
పై మిత్రులతో కొంతవరకే ఏకీభవిస్తాను. అరువివ్వరాదన్న ఆ షరతు సేకరణను చెదరకుండా కాపాడిన మాట వాస్తవమే కానీ, దూరాన ఉన్నవారికి దాన్ని అందకుండానూ చేసింది. ఆ సేకరణలోనే ఉన్న, బెర్రీ డ్యూక్ కోసం పదిహేనో శతాబ్దపు చిత్రకారులు లింబూర్గ్ సోదరులు చిత్రించిన ప్రార్థనా గ్రంథాన్నే చూడండి. మరమ్మతు కోసం కుట్లు విప్పినందున 2025లో దాని పంచాంగ పుటలను విడివిడిగా ప్రదర్శించారు, అదీ షాంతియీలోనే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఆ రఫాయెల్ పటాన్ని గమనించకుండానే ముందుకు వెళ్లిపోయి, కందకంలో చేపలు చూస్తూ అరగంట గడిపినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.