పెన్ను లోపల పూసే రంగుని తెలుగులో ఏమనాలి? అస్తరు అనొచ్చా?

అందరికీ నమస్కారం. ఒక మాట కోసం చాన్నాళ్ళుగా వెతుకుతున్నా, ఇక్కడైతే ఎవరైనా చెప్తారని పెడుతున్నా. కొంచెం పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి.

నేను డాలస్ దగ్గర ఉంటాను, గరాజ్‌లో చిన్న లేత్ (కడ్డీని గిర్రున తిప్పుతూ చెక్కే మెషీను) పెట్టుకుని శని ఆదివారాలు పెన్నులు చేస్తుంటా. అక్రిలిక్ కడ్డీకి నిలువునా బెజ్జం వేసి, అందులో ఇత్తడి గొట్టం అతికించి, అప్పుడు లేత్ మీదకి ఎక్కించి చెక్కుతాం. సన్న రకం పెన్నులకి ఆ గొట్టం 7 మిల్లీమీటర్లు. చెక్కడం అయ్యేసరికి చివర్ల దగ్గర అక్రిలిక్ మందం ఒక మిల్లీమీటరు కూడా మిగలదు. కడ్డీ చిక్కటి రంగుదైతే ఏ ఇబ్బందీ లేదు, వెలుగు దూరే రకమైతే మాత్రం లోపలి ఇత్తడి పైకి కనిపించేస్తుంది. మొదటిసారి నీలం కడ్డీతో చేసినప్పుడు అదే అయింది, ఇత్తడి పసుపు నీలంతో కలిసి పెన్నంతా పాచి పట్టినట్టు ఆకుపచ్చ కొట్టింది, పైగా జిగురులో బుడగలు కూడా మచ్చల్లాగా తేలాయి. మా నాన్నగారి కోసం చేసిన పెన్ను అది, ఇవ్వడానికి మనసొప్పలేదు.

అందుకని బెజ్జం లోపలి గోడకి ముందు రంగు పూసి, బాగా ఆరనిచ్చి, తర్వాత గొట్టం అతికిస్తాం. గొట్టానికి పూస్తే రంగు మీద జిగురు ఉండి కనిపిస్తుంది, బెజ్జానికి పూస్తే జిగురు రంగు వెనక్కి వెళ్ళిపోతుంది. ఇక ఆ పూసిన రంగుని బట్టే పెన్ను రంగు మారిపోతుంది. అదే నీలం కడ్డీ లోపల తెలుపు పూస్తే పొద్దుటి ఆకాశంలా తేటగా వస్తుంది, నలుపు పూస్తే ఇంచుమించు సిరా రంగు, వెండిరంగు పూస్తే పెన్ను తిప్పినప్పుడల్లా మెరుపు కదులుతుంది. వెలుతురు అక్రిలిక్‌లోంచి లోపలికెళ్ళి, ఆ పూతని తాకి, మళ్ళీ అక్రిలిక్‌లోంచే బయటికి రావాలి కదా, అంటే రెండుసార్లు వడపోత. తెలుపు వచ్చిన వెలుగుని దాదాపు మొత్తం తిప్పి పంపిస్తుంది, నలుపు మింగేస్తుంది.

దీన్ని నా నోట్‌బుక్‌లో ప్రైమర్ అని రాసుకుంటున్నా గానీ ఆ మాట నప్పట్లేదు. ప్రైమర్ పని పైరంగుకి పట్టు ఇవ్వడం, పైరంగు పడ్డాక దాని సంగతి ఎవరికీ అక్కర్లేదు. ఇది కనబడాలనే వేస్తాం. నాకు తట్టింది అస్తరు. మా అమ్మమ్మ కోటు లోపల కుట్టే గుడ్డని అస్తరు అనేది. మీరేమంటారు?

వ్యాఖ్య: మాది టైలరింగ్ అండి, ఇప్పుడు అందరూ లైనింగ్ అనే అంటున్నారు, మా మామగారు మాత్రం అస్తరే అంటారు. కానీ ఒక్క మాట, అస్తరు పైకి కనబడకూడదు, జాకెట్టులో లైనింగ్ రంగు పైకి కొడితే కస్టమర్లు ఊరుకోరు. అయితే నెట్ గుడ్డ సంగతి వేరు లెండి. గులాబీ నెట్ కింద బంగారు రంగు శాటిన్ వేస్తే ఒక కళ, తెలుపు వేస్తే వెలిసిపోయినట్టుంటుంది, అక్కడ మాత్రం మీరు చెప్పినట్టే అస్తరు కనబడాలనే వేస్తాం. పల్చటి చీర కిందకి లంగా రంగు వెతుక్కునే ఆడవాళ్ళందరికీ ఈ విషయం తెలుసు.

వ్యాఖ్య: ఆస్తరణం అని సంస్కృతంలో ఉంది కదా, పరిచేది అని అర్థం. అస్తరు దాన్నుంచే వచ్చిందేమో.

జవాబు: వినడానికి దగ్గరగానే ఉన్నాయి మాస్టారూ, కానీ మన అస్తరు ఉర్దూ నుంచి వచ్చింది, దాని మూలం ఫారసీ. హిందీలో గోడకి వేసే మొదటి పూతని కూడా అస్తర్ అంటారు. గుడ్డ నుంచి రంగుకి ఆ మాట అక్కడ ఎప్పుడో వచ్చేసింది, నాకు ధైర్యం వచ్చింది అందుకే. అక్కా, నెట్ గుడ్డ ఉదాహరణ చాలా బాగుంది, నేను ఇంత పెద్ద పోస్టు రాసి చెప్పలేనిది అందులో ఉంది.

వ్యాఖ్య: రాజమండ్రి వాళ్ళని అడగండి, రత్నం పెన్నుల ఊరు కదా, వాళ్ళ దగ్గర మాట ఉంటుంది.

జవాబు: ఆ పెన్నులు ఎబొనైట్‌తో, అంటే గట్టి రబ్బరుతో చేసినవి అండి, వెలుగు దూరదు, లోపల ఇత్తడి గొట్టం కూడా ఉండదు. చేతి పెన్ను అంటే నాకూ ముందు రాజమండ్రే గుర్తొస్తుంది, కానీ అవసరం లేని చోట మాట పుట్టదు కదా.

వ్యాఖ్య: అచ్చ తెలుగులో లోరంగు అనండి హాయిగా. లోగుట్టు లాగా. కొండపల్లి బొమ్మలకి కూడా రంగులకి ముందు తెల్లటి పూత వేస్తారు, అది కూడా ఇలాంటిదేగా.

జవాబు: లోరంగు వినడానికి చాలా బాగుంది, కానీ నాకు ఒక చిక్కు కనిపిస్తోంది, లోరంగు అంటే కడ్డీకే సొంతంగా లోపల ఉన్న రంగు అనుకుంటారు. ఇది విడిగా తెచ్చి వేసేది, అస్తరులో ఆ విడితనం ఉంది. కొండపల్లి తెలుపు మీద గట్టి రంగులు పడి దాన్ని కప్పేస్తాయి, నా లెక్కలో అది ప్రైమర్‌కే దగ్గర. ఏటికొప్పాక లక్క బొమ్మలు ఇంకొంచెం దగ్గరనిపిస్తుంది, అంకుడు కర్ర తెల్లగా ఉండబట్టే దాని మీద లక్క రంగు అంత తేటగా కనిపిస్తుందని నా నమ్మకం. అయితే అక్కడ కర్రే అస్తరు, విడిగా పూసేది ఏమీ లేదు.

వ్యాఖ్య: నగల పనిలో రాయి వెనక రేకు పెట్టి మూసేస్తారు చూడండి, పాలిపోయిన రాయి కూడా దాంతో నిండుగా కనిపిస్తుంది. మీరు చేసేది అదే. ఇంతకీ ఎర్ర కడ్డీకి ఏం వేస్తారు?

జవాబు: రేకు పోలిక సరిగ్గా సరిపోయింది అన్నా. ఎర్ర దానికి తెలుపు అస్తరు వద్దు, గులాబీ వైపు పోతుంది. ఇత్తడి అలాగే వదిలేస్తే ఇటుక రంగు. ఎరుపు కిందే ఎరుపు వేస్తే కెంపులా నిండుగా వస్తుంది. ఏదైనా ముందు కోసేసిన తుంటముక్కకి బెజ్జం వేసి, పెన్ను ఎంత సన్నగా ఉంటుందో అంత సన్నగా చెక్కి చూసుకోవాలి, మందం కడ్డీ మీద చూసి ఎంచుకుంటే చెక్కాక రంగు మారిపోతుంది.

సరే, నా నోట్‌బుక్‌లో ప్రైమర్ కొట్టేసి అస్తరు అని రాసుకున్నా. నాన్నగారికి మళ్ళీ నీలం పెన్నే చేస్తున్నా, వెండిరంగు అస్తరు పూసి ఆరబెట్టాను, రేపు గొట్టం అతికించాలి.