పంచాయతీ దాకా వచ్చిన ఫైబర్ మా శివారు ఊరికి రావాలంటే గ్రామసభలో ఏం అడగాలి?

ప్రశ్న – వార్డు మెంబరు:
అందరికీ నమస్కారం. మాది పంచాయతీ కేంద్రానికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న శివారు గ్రామం. పంచాయతీ ఆఫీసు గోడకి ఇంటర్నెట్ పెట్టె బిగించి చాలా ఏళ్లయింది. రోడ్డు పనుల్లో జేసీబీ తగిలి కేబుల్ తెగిందట, అప్పట్నుంచి అది పనిచేయడం లేదు. మా పిల్లలు కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకోవాలంటే సిగ్నల్ కోసం చెరువు గట్టు ఎక్కాలి. పోయిన గ్రామసభలో ఈ మాట ఎత్తితే పెద్ద గొడవైంది. ఒకాయన "లక్ష కోట్లు పోసి తీగలు పాతడం దండగ, టవర్ వేస్తే చాలదా" అన్నారు. ఇది మా పార్టీ తెచ్చిందని ఇంకొకరు, కాదు మాదని మరొకరు. గంటసేపు అదే సరిపోయింది. వచ్చే సభలో ఎలా మాట్లాడాలో, ఏం రాసి ఇవ్వాలో చెప్పండి.

జవాబు – టెలికాం శాఖలో పనిచేసి రిటైరయ్యాను:
అమ్మా, ఎవరు తెచ్చారన్న గొడవని రెండు నిమిషాల్లో ముగించండి. 2011 అక్టోబరులో యూపీఏ ప్రభుత్వం పంచాయతీలకి ఫైబర్ కేబుల్‌తో ఇంటర్నెట్ ఇచ్చే ఈ పథకాన్ని నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పేరుతో మొదలుపెట్టింది. ముందుగా ప్రయోగం చేసిన మూడు బ్లాకుల్లో అప్పటి విశాఖ జిల్లా పరవాడ ఒకటి. ఎన్డీయే ప్రభుత్వం 2015లో భారత్‌నెట్ అని పేరు మార్చి పని పెంచింది. 2017 చివరికి ఫైబర్ చేరిన పంచాయతీలు లక్ష దాటాయి. ఇద్దరి చెయ్యీ ఉంది, అంతే.

డబ్బు మాట మాత్రం నిదానంగా చెప్పండి. టెలికాం కంపెనీల సర్దుబాటు ఆదాయంలో (కొన్ని మినహాయింపులు పోగా లెక్కకట్టే ఆదాయం) 5 శాతం సార్వత్రిక సేవా నిధికి వెళ్తుంది. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. ఆ కంపెనీల ఆదాయం ఎక్కడిది? మన రీఛార్జిలే కదా. లాభం లేదని ఎవరూ రాని ఊళ్ల కోసమే ఆ నిధి పెట్టారు. చెరువు గట్టు ఎక్కే మీ పిల్లలు దాన్ని అడగడం దయ కోసం కాదు, హక్కుగా.

ప్రైవేటుకి వదిలేస్తే వాళ్లే వేస్తారుగా అనేవాళ్లకి 2021 సంగతి చెప్పండి. 16 రాష్ట్రాల్లో ప్రైవేటు భాగస్వామ్యంతో ఈ పని చేయించాలని కేంద్రం 19,041 కోట్ల సాయం ఇస్తానంది. టెండర్లు పిలిస్తే కంపెనీలు ముందుకు రాలేదు.

ఇక టవర్. టవర్ దాకా డేటా దేని మీద వస్తుంది? ఫైబర్ ఉంటేనే దాని వేగం నిలబడుతుంది. ఊరికి ఫైబర్ వస్తే రేపు టవర్ వేసేవాళ్లకీ అదే పనికొస్తుంది.

జవాబు – వేరే సభ్యుడు:
సార్, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. ఇన్నేళ్లు ఇంత పోశాక కూడా ఆ పెట్టె చచ్చిపడి ఉందంటే ఖర్చుని ప్రశ్నించడం తప్పెలా అవుతుంది?

జవాబు – రిటైర్డ్ ఉద్యోగి:
తప్పు కాదు, తప్పకుండా ప్రశ్నించాలి. నా ఉద్దేశంలో ఖర్చు పెట్టడం సరైనదే, లెక్క కట్టే పద్ధతి సరికాదు. వేసిన కిలోమీటర్లు లెక్కపెడతారు. "సర్వీస్ రెడీ" అయిన పంచాయతీలు 2 లక్షలకు పైగా అంటారు. సర్వీస్ రెడీ అంటే పరికరం పెట్టి ఒకసారి కనెక్షన్ చూశారని అర్థం. ఈ రోజు నెట్ నడుస్తోందని కాదు. అది నెలలో ఎన్ని రోజులు వెలిగింది, తెగితే ఎన్ని గంటల్లో అతికారు అని అడిగేవాళ్లు లేక పెట్టెలు మూలపడ్డాయి.

పాత డిజైన్‌లో లోపం కూడా ఉంది. మండలం నుంచి పంచాయతీకి ఒకటే దారి. మధ్యలో ఒక్కచోట తెగితే ఆ తర్వాతి ఊళ్లన్నీ ఆగిపోతాయి. 2023 ఆగస్టులో కేంద్రం 1,39,579 కోట్లతో ఆమోదించిన కొత్త పథకంలో దీన్ని ఉంగరంలా రెండు వైపుల నుంచి కలుపుతారు. ఒకవైపు తెగినా రెండో వైపు నుంచి వస్తుంది. వేసిన సంస్థే 10 ఏళ్లు నిర్వహించాలన్నది నాకు అన్నిటికన్నా నచ్చిన మార్పు. మేడమ్‌కి అసలు కావలసిన మాట ఇంకొకటి: పంచాయతీ కేంద్రాలు కాని సుమారు 3.8 లక్షల ఊళ్లకి "డిమాండ్ మీద" ఇస్తామన్నారు. మీ శివారు ఆ కోవలోకే వస్తుంది. అడగకపోతే రాదు.

జవాబు – కేబుల్ ఆపరేటర్:
అక్కా, ముందు ఆ పెట్టెకి కరెంటు వస్తోందో లేదో చూడండి. అసలు ఏ లైటూ లేకపోతే బ్యాటరీయో ప్లగ్గో పోయినట్టు. పవర్ లైటు ఉండి, లాస్ (LOS) అని రాసిన చోట ఎర్ర లైటు వెలుగుతుంటే ఫైబర్ తెగినట్టు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2017లో నెలకి 149 రూపాయలకి మొదలైన రాష్ట్ర ఫైబర్ లైన్లు ఎక్కువగా కరెంటు స్తంభాల మీద పోయాయి. చవకగా, తొందరగా అయ్యాయి కానీ గాలివానకి తెగుతాయి. మీది జేసీబీకి తెగిందంటే భూమిలో వేసిన లైను, అతకడం వేరే వాళ్ల పని. ఏ లైనో తెలియకుండా అర్జీ పెడితే ఆఫీసుల చుట్టూ తిప్పుతారు.

ఇంకోటి, మీ ఊళ్లో నెలనెలా డబ్బు కట్టి కనెక్షన్ తీసుకునే ఇళ్లెన్నో సంతకాలతో రాయించండి. మేం లైను లాగాలా వద్దా అని చూసేది ఆ కాగితమే.

వార్డు మెంబరు:
ఇప్పుడే వెళ్లి చూశాను. పవర్ ఉంది, ఎర్ర లైటు వెలుగుతోంది. ఫొటో తీశాను. తీర్మానంలో ఏం రాయమంటారు?

జవాబు – రిటైర్డ్ ఉద్యోగి:
రెండే వాక్యాలు చాలు. ఫలానా తేదీన చూసినప్పుడు ఫైబర్ సిగ్నల్ లేదు కాబట్టి బాగుచేయాలి. మా శివారు గ్రామానికి భారత్‌నెట్ కింద కనెక్షన్ కావాలని గ్రామసభ కోరుతోంది. పార్టీ పేరు ఏదీ రాయకండి. ఫొటో, సంతకాల జాబితా జతచేసి కార్యదర్శి దగ్గర రసీదు తీసుకోండి. అదే కాగితాన్ని కేంద్ర ప్రభుత్వం ఫిర్యాదులు తీసుకునే సీపీగ్రామ్స్ (CPGRAMS) పోర్టల్‌లో టెలికాం శాఖకి కూడా పెట్టండి. దాంతోపాటు ఆ శాఖకే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేసి, గత పన్నెండు నెలల్లో ఆ పెట్టె ఏ నెల ఎన్ని రోజులు పనిచేసిందో అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చాక ఇక్కడ పెట్టండి, తర్వాత పై అధికారికి ఏం రాయాలో కలిసి చూద్దాం.