పరిక్రమకు వెళ్తున్నాం, ఇంట్లో సామాను ఏం చేయాలి?

కార్తీకంలో ఓంకారేశ్వర్ నుంచి నర్మదా పరిక్రమకు నేనూ మా ఆవిడా బయల్దేరుతున్నాం. నదిని కుడిచేతి వైపు ఉంచుకుని దాదాపు 2,600 కిలోమీటర్ల నడక, మధ్యలో నది దాటకూడదు. అందుకే విజయవాడలో అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నాం. ఫ్రిజ్, మంచాలు అమ్మేశాం, బాధ లేదు. చిక్కంతా అమ్మ ఇత్తడి బిందెతోనే. అడుగున సొట్ట, అంచు మీద చుక్కలతో కొట్టించిన ఆమె పేరు. పాత సామాన్లతను తూకానికి అడిగితే చేతులు రాలేదు. అమ్మాయేమో "ఫ్లాట్లో చోటు లేదు నాన్నా" అంటోంది.

ఇలా ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇలాంటివి ఎవరికిచ్చారు? ట్రంకుపెట్టెడు ఫొటోలున్నాయి, స్కాన్ చేయించాక అసలువి పారేశారా? బ్యాంకు ఉత్తరాలకు ఏ అడ్రస్ ఇచ్చారు? మా ఆవిడకు ఈ చివరిదే ఎక్కువ టెన్షన్.